ధ్యానంలో ‘అతీతం’ అంటే అసలు ఏంటి?

నీలిమేఘం: రెండు పూటలా 20 నిమిషాలు మంత్రధ్యానం చేస్తున్నా. నిన్న మధ్యలో మంత్రం జారిపోయింది, ఆలోచనే లేదు. కళ్లు తెరిచేసరికి టైమ్ అయిపోయింది. నేర్పినాయన ‘అదే అతీత స్థితి’ అన్నారు. నిజమేనా? ఇంకోటి, మంత్రానికి అర్థం తెలియాలా?

కునుకురాజు: కంగ్రాట్స్, నిద్రపోయారు. నేనూ 2 ఏళ్లు దాన్నే సమాధి అనుకున్నా, పక్కన కూర్చునే ఆయన నా గురక గురించి చెప్పేదాకా.

నీలిమేఘం: గురక లేదండీ! నిటారుగానే ఉన్నా.

కునుకురాజు: నేను నిలబడి కూడా పడుకోగలను.

వ్యాకరణప్రియ: అతి + ఇత = అతీత. సవర్ణదీర్ఘ సంధి. దాటి వెళ్లినది, అంతే. ఎక్కడికో ఎగిరిపోవడం కాదు. గీత 14వ అధ్యాయంలో గుణాతీతుడు, అంటే మూడు గుణాలను దాటినవాడు, ఎలా ఉంటాడో చూడండి: మోహం వచ్చిందని ద్వేషించడు, పోయిన దాన్ని కోరుకోడు.

పాతసాధకుడు: 25 ఏళ్లుగా కూర్చుంటున్నా. మనసు ఖాళీ అయితే దాటినట్టే. నిద్రయితే మాత్రం నష్టమేంటి?

వ్యాకరణప్రియ: నష్టమా? యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన 5 వృత్తుల్లో, అంటే మనసు కదలికల్లో, నిద్ర ఒకటండీ! ‘అభావప్రత్యయాలంబనా వృత్తిర్నిద్రా’. ఏమీ లేదన్నదాన్నే పట్టుకుని ఉండే వృత్తి. లేచాక ‘హాయిగా పడుకున్నా’ అని గుర్తుంటుందిగా, అనుభవమే లేకపోతే ఆ గుర్తెక్కడిదని ఆ సూత్రాల వ్యాఖ్య వ్యాసభాష్యం అడుగుతుంది. వృత్తి నడుస్తుంటే నిరోధం, అంటే వృత్తులు ఆగడం, ఎలా అవుతుంది?

పాతసాధకుడు: సంధులు విడగొట్టడం ఆపి ఓ గంట కూర్చోండి ముందు.

వ్యాకరణప్రియ: కూర్చోనని మీకెవరు చెప్పారు? ఏళ్లు లెక్కపెట్టడం కూడా వృత్తే.

తులసికోట: ఇద్దరూ కాస్త తగ్గండి. నిరోధం అంటే అణిచెయ్యడం అనుకుని నేను 3 నెలలు తలనొప్పి తెచ్చుకున్నా. మనసు ఎటు పోతే అటునుంచి వెనక్కి తెచ్చుకోవడమేనని గీత 6.26 చదివాకే ప్రాణం కుదుటపడింది. ఇక ఖాళీ సంగతంటారా, మాండూక్యోపనిషత్తు 7వ మంత్రం తురీయాన్ని, అంటే మెలకువ, కల, గాఢనిద్ర దాటిన నాలుగోదాన్ని, ‘న ప్రజ్ఞం నాప్రజ్ఞం’ అంటుంది. తెలియకపోవడం కూడా అది కాదు.

కునుకురాజు: ఆ మాండూక్యం మీదే కారికలు రాసిన గౌడపాదులవారు నాలాంటివాళ్ల కోసమే రాశారు, ‘లయే సంబోధయేచ్చిత్తం’. మనసు కునికితే లేపమని. అలారం పెట్టుకోవచ్చా మరి?

మడతకాళ్లు: పద్మాసనంలో మోకాలు లాగేస్తోంది. కుర్చీలో చేస్తే ఫలితం పోతుందా?

తులసికోట: ‘స్థిరసుఖమాసనం’ అన్నారు పతంజలి, కదలకుండా హాయిగా ఉండేదే ఆసనమని. కుర్చీ వద్దనలేదు.

నీలిమేఘం: మంత్రం అర్థం సంగతి ఎవరూ చెప్పలేదు…

వ్యాకరణప్రియ: యోగసూత్రం 1.28, ‘తజ్జపస్తదర్థభావనం’. దాన్ని జపిస్తూ దాని అర్థాన్ని భావించడం. ప్రణవానికైతే, అంటే ఓంకారానికి, అర్థభావన ఉండాలి.

పాతసాధకుడు: మహర్షి మహేశ్ యోగి నేర్పిన భావాతీత ధ్యానంలో మంత్రం అర్థంతో పని లేదు. ఇదీ తప్పేనంటారా?