వెండి లాకెట్ మీద నలుపు పోయింది, మళ్లీ తెప్పించొచ్చా?

నర్సాపురం లేసమ్మ:
నమస్కారమండి. మాది నర్సాపురం పక్కన పల్లెటూరు, లేసు పని చేసుకుంటాను. మా అమ్మాయి ఆర్మేనియాలో ఎంబీబీఎస్ చదివి పోయినేడు వచ్చేసింది. వస్తా వస్తా నాకో వెండి లాకెట్ తెచ్చింది. ఎరెవాన్‌లో వెర్నిసాజ్ అని సంత ఉందంట, శని ఆదివారాలు జనం కిటకిటలాడతారంట. చేసినాయన దగ్గరే కొన్నానంది. బొటనవేలి గోరంత ఉంటుంది. రెండు పిట్టలు ఎదురెదురుగా నిలబడి, తోకలు కింద కలుసుకుంటాయి. అదంతా కలిపి వాళ్ల భాషలో ఒక అక్షరమండి, నా పేరులో మొదటి అక్షరం ‘స’. చూస్తే మాత్రం అచ్చం ఇంగ్లీషు యూ! మొన్న పెళ్లిలో మా తోడికోడలు “యూ ఎవరక్కా, బావగారి పేరు కూడా కాదే” అని పదిమందిలో అడిగేసింది.

అసలు సంగతేంటంటే, ఈకల సందుల్లో నల్లగా ఉండేది. చెమటకి, ఉప్పుగాలికి మకిలి పట్టిందనుకున్నాను. ఓ కొట్లో ఇస్తే కుర్రాడు ఏదో ద్రావకంలో ముంచి తీసి, నిమిషంలో చేతిలో పెట్టాడు. తళతళలాడిపోతోంది. ఈకలు లేవు, కళ్లు లేవు. రెండు చెంచాలు నిలబెట్టినట్టుంది. అమ్మాయి సంక్రాంతికి వస్తుందండి. ఈలోగా ఆ నలుపు మళ్లీ వచ్చే దారేమైనా ఉందా? వెనకాల 925 అని గుద్దుంది.

వెండితీగ, అమలాపురం:
అమ్మా, కంగారు పడకండి. ఈకలు ఎక్కడికీ పోలేదు, కనపడడం లేదంతే. 925 అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతాది మామూలుగా రాగి. మీరు మకిలి అనుకున్నది పనివాడు కావాలని పెట్టిన నలుపు. చెక్కుడంతా అయ్యాక వస్తువుని గంధకం కలిసిన మందులో ముంచి మొత్తం నల్లగా చేసేస్తాం. తర్వాత ఎత్తుగా ఉన్నచోట రుద్దేస్తాం. పల్లంలో మిగిలిన నలుపే గీతని చూపిస్తుంది. ఆ కుర్రాడు ముంచబోయే ముందు ఒక్కమాట అడగాల్సింది.

ఇంట్లోనే అవుతుంది. ముందు కుంకుడు రసంతో జిడ్డంతా వదిలించండి, ఆ తర్వాత వేలు తగలనివ్వకండి, ముద్ర పడ్డచోట రంగు పట్టదు. కోడిగుడ్డు గట్టిగా ఉడకబెట్టి, వేడివేడిగా చిదిమి డబ్బాలో వెయ్యండి. లాకెట్ దానికి తగలకుండా చిన్న మూతలో పెట్టి డబ్బా బిగించండి. గుడ్డులోంచి వచ్చే గంధకపు ఆవిరికి వెండి ముందు పసుపు తిరుగుతుంది, తర్వాత గోధుమరంగు, ఆఖర్న నలుపు. చాలనుకున్నప్పుడు తీసి మెత్తటి గుడ్డతో పైపైన రుద్దండి. ముత్యాలూ రాళ్లూ పొదిగి ఉంటే మాత్రం ఈ పని వద్దు.

ఆర్మేనియా పాత వెండిలో ఇంకో రకం నలుపు ఉంటుందండోయ్. వెండి, రాగి, సీసం, గంధకం కలిపి కరిగించి, పొడి చేసి, చెక్కిన గీతల్లో నింపి కాలుస్తారు. వాన్ ఊరి పనివాళ్లు అందులో పేరుమోసినవాళ్లు. మీది ఒక్క ముంపుకే పోయిందంటే ఆ రకం కాదు.

తణుకు డాక్టరు:
పిన్నిగారూ, నేనూ అక్కడే ఆరేళ్లు ఉన్నాను. ఆ అక్షరం పేరు ‘సే’. పిట్టలు నగలవాళ్ల కల్పన కాదు. పాత చేతిరాత సువార్తల్లో మొదటి అక్షరాన్ని ఇలాగే పిట్టలతో కట్టేవాళ్లు. ఎరెవాన్‌లో మాతెనదరాన్ అనే రాతప్రతుల భాండాగారంలో అద్దాల వెనక ఉంటాయి, ఎరుపూ నీలమూ ఇంకా పచ్చిగా ఉన్నట్టే కనిపిస్తాయి. ఈ లిపిని 405లో మెస్రోప్ మష్తోత్స్ కూర్చాడు, అప్పుడు 36 అక్షరాలు. అక్కడ అక్షరాన్ని మెడలో వేసుకోవడం మామూలే.

దానిమ్మకాయ లాకెట్లు ఇంకా ఎక్కువ. సంతానానికీ సమృద్ధికీ గుర్తు, పెళ్లిలో పెళ్లికూతురు దానిమ్మని నేలకేసి పగలగొట్టే ఆచారం కూడా ఉంది. వాళ్ల దేశానికే గుర్తైన అరరాత్ కొండ బొమ్మవీ ఉంటాయి. కొండేమో టర్కీలో ఉంది, రోజూ ఎరెవాన్ మేడల మీదనుంచి కనపడుతుంది. సరిహద్దు మాత్రం 1993 నుంచి మూసే ఉంది. నాకెందుకో ఆ కొండ లాకెట్ చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

ఒకటి చెప్పాలి, ఆ సంతలో అన్నీ చేతిపని కాదు. ఒకే అచ్చులో పోసిన దానిమ్మలు బల్లబల్లకీ ఉంటాయి. నేను చెల్లికి కొన్నది అదే బాపతు. మీ అమ్మాయి తెలివైనది.

బందరు బాబాయి:
ఆర్మేనియావాళ్లు మనకేం కొత్త కాదర్రా. 17వ శతాబ్దంలోనే వాళ్ల వర్తకులు మా రేవులో అద్దకం బట్టల వ్యాపారం చేశారు. వాళ్ల భాషలో మొట్టమొదటి పత్రిక, అజ్దరార్, అచ్చయింది 1794లో మన మద్రాసులోనే.

నర్సాపురం లేసమ్మ:
అందరికీ దణ్ణాలండి. గుడ్డు పెట్టాను. ఇదేం కంపే అని మా ఆయన అరుగు మీదకి పోయారు. రెండు గంటలకి తీస్తే ఎడం పిట్ట బ్రహ్మాండంగా వచ్చింది, ఈక ఈకా లెక్కపెట్టొచ్చు. కుడి పిట్టకి ముక్కూ మెడా తెల్లగానే ఉన్నాయి. అమలాపురం తమ్ముడు చెప్పినా నేనే బొటనవేలితో పట్టుకున్నాను.

చేతిపని అంటే ఇంకోటి గుర్తొచ్చింది. అమ్మాయి అదే సంతలో గుండ్రటి లేసు ముక్క కూడా కొంది. అది మనలా కొక్కెం సూదితో అల్లింది కాదు, మామూలు కుట్టుసూదితో ముడి మీద ముడి వేసుకుంటూ పోయారు. ఆగలేక అంచున ఒక పోగు కత్తిరించి చూశాను. ఇప్పలేదండి! మన లేసైతే ఒక్క పోగు తెగి లాగితే సర్రున వచ్చేస్తుంది. నలభై ఏళ్లుగా లేసు ముక్కలు కలిపే అతుకుపని చేస్తున్నాను, ఇది నాకు చేతకాదు. చేసినావిడే కూర్చుని అమ్మిందంట, అందులో పువ్వు ఏ పువ్వో కూడా చెప్పిందంట. మా లేసు డజన్ల లెక్కన ఏజెంటు సంచిలో పడ్డాక ఏ దేశంలో ఎవరి బల్ల మీదుందో మాకు తెలిస్తే ఒట్టు.

సరే, ఈసారి లాకెట్‌ని దారంతో పట్టుకుని కుంకుళ్లతో కడిగాను. గుడ్లు అయిపోతే ఆయన్నే కొట్టుకి పంపాను.