బయటికి కనబడకుండా పళ్లు సరిచేయించుకోవడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. నా వయసు 34 సంవత్సరాలు. అధ్యాపక వృత్తిలో ఉన్నందువల్ల రోజులో ఎక్కువ భాగం విద్యార్థుల ఎదుట నిలబడి మాట్లాడవలసి ఉంటుంది. నా కింది ముందుపళ్లు నాలుగూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. పైవరుసలో కుడివైపు కోరపన్ను పక్కకు తిరిగి, కొంచెం ముందుకు పొడుచుకువచ్చింది. చిన్నతనంలో రెండేళ్లపాటు లోహపు క్లిప్పులు వేసుకున్నాను గానీ, అవి తీసేశాక, సరిచేసిన పళ్లు కదలకుండా నిలిపేందుకు ఇచ్చిన రిటైనర్‌ను ఏడాది తిరగకుండానే పక్కన పెట్టేయడంతో పళ్లు మళ్లీ పాత దారి పట్టాయి. ఈ వయసులో నోరు తెరిస్తే తీగలు కనబడడం నాకు చాలా ఇబ్బందిగా ఉంటుంది. పళ్లకు తొడిగి తీసే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులైన అలైనర్లు, సిరామిక్ క్లిప్పులు, పళ్ల లోపలివైపు అతికించే లింగ్వల్ క్లిప్పులు అని మూడు పద్ధతుల గురించి విన్నాను. వీటిలో నాకు ఏది సరిపోతుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరా?

మొదటి సమాధానం

నేను ఆర్థోడాంటిస్టుని, అంటే వంకర పళ్లను సరిచేసే దంతవైద్య నిపుణుణ్ణి. ఏది తక్కువగా కనబడుతుందన్న ప్రశ్న సహజమే గానీ, మీ పళ్లు ఏ దిశలో ఎంత కదలాలన్నదాన్ని బట్టే పద్ధతిని ఎంచుకోవలసి ఉంటుంది. పన్నును ఏ పరికరంతో నెట్టినా లోపల జరిగేది ఒకటే: ఒత్తిడి పడినవైపు ఎముక కరుగుతుంది, రెండోవైపు కొత్త ఎముక ఏర్పడుతుంది. చిగుళ్లు, ఎముక ఆరోగ్యంగా ఉంటే 34 ఏళ్ల వయసు అడ్డంకి కాదు.

కింది పళ్ల ఇరుకు సాధారణంగా అలైనర్లకు లొంగుతుంది. ఒక్కొక్క అలైనర్ పన్నును సుమారు పావు మిల్లీమీటరు మాత్రమే జరుపుతుంది కనుక, వారానికో రెండు వారాలకో ఒకటి మారుస్తూ, రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. చోటు చాలకపోతే పళ్ల సందుల్లో పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్‌ను, ఒక్కో సందులో అర మిల్లీమీటరుకు మించకుండా, సన్నగా అరగదీస్తారు. అసలు కష్టం మీ కోరపన్నుతోనే. అది గుండ్రంగా ఉండడంవల్ల తిప్పబోయినప్పుడు ప్లాస్టిక్‌కు పట్టు దొరకదు. అందుకని దాని మీద పంటి రంగులోనే ఉండే చిన్న బొడిపెను అతికిస్తారు. దగ్గరగా చూసేవారికి అది తెలుస్తుంది. కాబట్టి అలైనర్లు అసలే కనబడవన్న మాట పూర్తిగా నిజం కాదు.

నిజంగా కనబడనివి లింగ్వల్ క్లిప్పులు. 1970వ దశకంలో జపాన్‌లో కిన్యా ఫుజితా, అమెరికాలో క్రేవెన్ కర్జ్ వీటిని వేర్వేరుగా రూపొందించారు. కోరపన్నును తిప్పడానికి ఇవి సమర్థమైనవే. అయితే త, ద, న, స వంటి దంత్యాలను పలికేటప్పుడు నాలుక కొన ఆనే చోటనే ఈ క్లిప్పులు ఉంటాయి కనుక, మొదటి కొన్ని వారాలు మాట తడబడుతుంది, నాలుక ఒరుసుకుపోతుంది. పాఠం చెప్పేవారు దీన్ని ముందే ఆలోచించుకోవాలి. సెలవుల్లో మొదలుపెట్టడం మేలు.

సిరామిక్ క్లిప్పులు పంటి రంగులో కలిసిపోయినా తీగ కనబడుతుంది. పైగా అవి ఎనామెల్ కన్నా గట్టివి. కింది వరుసలో వేస్తే పైపళ్ల అంచులు అరిగే ప్రమాదం ఉంది.

రెండో సమాధానం

నేను న్యాయవాదిని; వాదనలు చేస్తూనే 16 నెలలు అలైనర్లు వాడాను. కొత్తది పెట్టిన రోజు పళ్లన్నింటినీ ఎవరో బిగించి పట్టుకున్నట్టు ఉండేది, మూడో రోజుకు ఆ బిగువు సడలేది. తీసేటప్పుడు ముందు నుంచి లాగకూడదు. వెనక దవడపంటి లోపలివైపు గోటి కొనతో అంచును విడిపించి, తరువాత రెండోవైపు విడిపించాలి. ఒకసారి భోజనానికి ముందు తీసి కాగితపు రుమాలులో చుట్టి పెడితే, ఎంగిలి పళ్లేలతోపాటు అదీ చెత్తబుట్టలోకి పోయింది. అంతకుముందు వాడినదాన్ని దాచుకున్నందువల్లనే ఆ వారం గడిచింది. అందుచేత డబ్బా దగ్గర లేకుండా ఎక్కడా తీయకండి. వేడినీళ్లతో కడగకండి, వంకరపోతుంది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. దీనికి ముందు, ఎక్స్‌రే గానీ చిగుళ్ల పరీక్ష గానీ లేకుండా, నేనే తీసిన అచ్చును చూసి అలైనర్లు ఇంటికి పంపే ఒక సంస్థను నమ్మాను. ముందుపళ్లు నిటారుగా అయ్యాయి గానీ, వెనకపళ్లు ఒకదానికొకటి ఆనడం మానేశాయి. ఆ తరువాతి చికిత్సలో మొదటి ఆరు నెలలు ఆ నష్టాన్ని పూడ్చడానికే సరిపోయాయి. దయచేసి ఆ దారిలో వెళ్లకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. 22 గంటల నియమం నేను పాటించగలను. కోరపన్ను ఒక్కదానికి వేరే ఏర్పాటు చేసి, మిగిలినవాటికి అలైనర్లు వాడవచ్చా? ఈసారి పళ్లు మళ్లీ వెనక్కి పోకుండా ఏం చేయాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు

వాడవచ్చు. కోరపంటికి చిన్న బొత్తాం వంటిది అతికించి, దానికి రబ్బరు తగిలించి తిప్పడం మేము తరచుగా చేసే పనే. పన్ను తిరిగినంత త్వరగా దాని చుట్టూ ఉన్న చిగుళ్ల నారపోగులు సర్దుకోవు. వాటికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. మీకు చిన్నప్పుడు జరిగింది అదే. ఈసారి కింది ముందుపళ్ల వెనక సన్నని తీగను శాశ్వతంగా అతికించుకోండి, బయటివారికి కనబడదు. పైవరుసకు రాత్రిపూట రిటైనర్ పెట్టుకోండి. ఇది మీకు రెండో చికిత్స కనుక, మొదటిసారి పళ్ల వేళ్లు ఏమైనా కురచబడ్డాయేమో ఎక్స్‌రేలో చూసిన తరువాతనే మొదలుపెట్టాలి. చిన్ననాటి ఎక్స్‌రేలు ఇంట్లో ఎక్కడైనా దొరికితే వెంట తీసుకువెళ్లండి.