అప్‌డేట్: ట్రిప్సిన్ ఎస్సేలో (ల్యాబ్ పరీక్షలో) ఫ్లోరెసెన్స్ (వెలుగు) రాకపోవడానికి కారణం దొరికింది

ఎఫ్‌ఐటీసీ-కేసీన్‌తో (ఫ్లోరెసీన్ అనే వెలిగే రంగు అతికించిన పాల ప్రోటీన్) ట్రిప్సిన్ (ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైమ్) యాక్టివిటీ కొలుస్తుంటే ఎంజైమ్ వేయని బ్లాంక్‌కీ శాంపిల్‌కీ తేడా రావట్లేదని పోయిన నెల అడిగాను కదా. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్. "టీసీఏ వేశాక పీహెచ్ చూశావా తమ్ముడూ?" అని వాళ్లలో ఒక అక్క అడిగిన మాటే నిజమైంది (టీసీఏ అంటే ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం, అరగని ప్రోటీన్‌ను అడుగుకు దింపడానికి వేస్తాం). ఇక్కడ బెంగళూరులో మా సీనియర్ కూడా అదే చెప్పారు.

అరగని కేసీన్ అడుగుకు దిగాక పైనున్న ద్రవాన్ని నేరుగా ప్లేట్‌లో పోసేవాణ్ణి. పీహెచ్ స్ట్రిప్ ముంచితే ఎర్రబడింది. అంత ఆమ్లంలో ఫ్లోరెసీన్ సరిగా వెలగదు. అదే ద్రవం 10 మైక్రోలీటర్లు తీసి, 500 మిల్లీమోలార్ ట్రిస్ బఫర్ (పీహెచ్‌ను 8.5 దగ్గర నిలిపే ద్రావణం) 200 మైక్రోలీటర్లలో కలిపితే ఆకుపచ్చ ఛాయ కళ్లముందే తిరిగొచ్చింది! ఎంత సంతోషమేసిందో. ఇప్పుడు 485 నానోమీటర్ల కాంతి వేసి 535 దగ్గర వెలుగు కొలిస్తే రీడింగ్ ఎంజైమ్ మోతాదును బట్టి పెరుగుతోంది.

కొత్త ట్రిప్సిన్ తెప్పించడం, రీడర్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే సెట్టింగ్) మార్చడం వల్ల ఏ తేడా రాలేదు. పాత ఎంజైమ్ బాగానే ఉంది. బ్లాంక్‌లో కూడా టీసీఏ, ట్రిస్ అదే కొలతలో వేయండి.