ఎలుక లివర్ స్లైడ్లు గుంటూరు, విజయవాడల్లో ఎక్కడ చేయించాలి?

ఎం.ఫార్మసీ విద్యార్థిని, గుంటూరు:
నమస్తే అండి. ప్రాజెక్టు కోసం తీసిన విస్టార్ ఎలుకల లివర్లు నెల దాటినా ఫార్మలిన్‌లోనే ఉన్నాయి. హెచ్ అండ్ ఈ (మామూలు స్టెయిన్), మాసన్స్ ట్రైక్రోమ్ (మచ్చకట్టిన భాగాన్ని చూపే స్టెయిన్) కావాలి, వీలైతే ఆల్ఫా ఎస్ఎంఏ అనే ప్రోటీన్‌కి ఐహెచ్‌సీ (యాంటీబాడీతో ప్రోటీన్‌ని పట్టి చూపే పరీక్ష) కూడా. మా కాలేజీలో టిష్యూని పల్చగా కోసే మైక్రోటోమ్ లేదు. ఒక ల్యాబ్‌వాళ్లు స్లైడుకి ఇంత అని రేటు చెప్పారు తప్ప ఇంకేమీ అడగలేదు. ఇచ్చేయనా? ముక్కలు పాడయ్యాయేమోనని టెన్షన్‌గా ఉంది.

పాత టెక్నీషియన్, విజయవాడ:
పాడవవమ్మా. మామూలు స్టెయిన్లకి నెల ఒక లెక్క కాదు. ఇబ్బందల్లా ఐహెచ్‌సీకే. ఫార్మలిన్ ప్రోటీన్లను ఒకదానికొకటి బిగించేస్తుంది, యాంటీబాడీకి చోటు దొరకదు. సిట్రేట్ బఫర్‌లో వేడి చేస్తే కొంత విడుతుంది. ఇక నానబెట్టకుండా కడిగి 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చెయ్.

ఇంతకీ అది బఫర్ ఫార్మలినేనా? ఉత్త నీళ్లలో కలిపిందైతే ఉండేకొద్దీ యాసిడ్ అవుతుంది. నెత్తురు ఎక్కువుండే లివర్‌లో గోధుమ, నలుపు చుక్కలు పడతాయి. వాటిని మందు ప్రభావం అని థీసిస్‌లో రాసేసినవాళ్లూ ఉన్నారు!

రేటు తర్వాత. ఎలుక టిష్యూ ఎప్పుడైనా చేశారా అని అడుగు. మనుషుల ఆపరేషన్ ముక్కలతో కలిపి రాత్రంతా, నీరు తీసి మైనం ఎక్కించే మెషిన్‌లో పెడితే ఎలుక లివర్ పెళుసెక్కి, కోసేటప్పుడు పొడిగా రాలుతుంది. టిష్యూని మైనంలో పోసిన బ్లాకులు వెనక్కిస్తారా? ఐహెచ్‌సీకి టిష్యూని గట్టిగా పట్టుకునే చార్జ్‌డ్ స్లైడ్లు వాడతారా? మామూలు గాజు మీదైతే వేడి చేసేటప్పుడు సెక్షన్ (కోసిన పల్చటి పొర) ఊడి తేలిపోతుంది. వీటికి నసిగితే డబ్బాలు ఇంటికి తెచ్చేసుకో.

వెటర్నరీ పీజీ:
గన్నవరం ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ పాథాలజీ విభాగంలో ఓసారి కనుక్కోండి. జంతువుల టిష్యూ వాళ్లకి రోజువారీ పని. గైడ్ లెటర్, ఎథిక్స్ కమిటీ అనుమతి కాపీ దగ్గర పెట్టుకోండి. డబ్బాల మీద కంట్రోల్, ట్రీటెడ్ అని మాత్రం రాయొద్దు, నంబర్లే వేయండి. ఏది ఏ గ్రూపో తెలిస్తే స్కోర్ ఇచ్చేవాళ్ల చెయ్యి అటే మొగ్గుతుంది.

ఎం.ఫార్మసీ విద్యార్థిని:
థాంక్యూ సార్. బఫర్ ఫార్మలినే, సీసా మీద ఉంది. ఐహెచ్‌సీకి బ్లాకులు హైదరాబాద్ పంపాల్సొస్తే ఈ ఎండలకి మైనం కరిగిపోదా?

పాత టెక్నీషియన్, విజయవాడ:
ఆ మైనం కరగాలంటే 56 డిగ్రీలన్నా ఉండాలి. మన గుంటూరు ఎండ అంత దూరం పోదులే. కానీ మూసిన బండిలో మెత్తబడి వంకర పోవచ్చు. థర్మాకోల్ పెట్టెలో పెట్టి రాత్రి బస్సు పార్సిల్‌లో వెయ్. చల్లగా ఉంటాయని ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకు, మైనం పగులుతుంది.