వెబ్ టెలిస్కోప్ నెబ్యులా బొమ్మల్లో రంగులు నిజమేనా? పిల్లలకు ఏమని చెప్పాలి?

పర్లాకిమిడి మాస్టారు:
ఫిబ్రవరి 28 సైన్స్ డేకి మా బడి గోడకి పెద్ద ఫ్లెక్సీ కట్టాలని అనుకుంటున్నారు. 2022 జూలైలో విడుదలైన వెబ్ స్పేస్ టెలిస్కోప్ తొలి బొమ్మల్లో కెరీనా నెబ్యులాది (నెబ్యులా అంటే అంతరిక్షంలో వాయువు, ధూళి కలిసిన మేఘం) ఒకటుంది కదా, కింద గోధుమరంగు కొండల్లా ధూళి, పైన నీలం, అదే. దాని కింద తెలుగులో, ఒడియాలో "నక్షత్రాలు పుట్టే చోటు. అక్కడికి వెళ్తే కనిపించేది ఇదే" అని రాయిస్తారట. నేను వద్దన్నాను. వెబ్ పట్టేది 0.6 నుంచి 28 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన కన్ను 0.7 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఆ బొమ్మ దాదాపు మొత్తం మనం ఎన్నడూ చూడలేని వెలుగుతో తయారైంది, రంగులు తర్వాత ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని వేశారు. మన ఒడిశాలోని ఖండపడాలో పుట్టిన ఖగోళ శాస్త్రవేత్త పఠాణి సామంత వెదురు పరికరాలతో, ఉత్తి కంటితో ఆకాశాన్ని కొలిచారు. అలాంటి చూపు గురించి చెప్పాల్సిన పిల్లలకి వేసిన రంగుల్ని నిజమని ఎలా చూపిస్తాం? నా ఉద్దేశంలో ఆ ఫ్లెక్సీ కట్టకూడదు.

రాయగడ ల్యాబ్ టెక్నీషియన్:
మాస్టారు గారూ, నేను ఒప్పుకోను. కొండ ఊళ్ల నుంచి వచ్చే మలేరియా స్లైడులు చూడటం నా పని. రంగు వెయ్యకుండా మైక్రోస్కోప్ కింద పెడితే అందులో పరాన్నజీవిని పట్టుకోవడం చాలా కష్టం. గీమ్సా అనే రంగు వేస్తేనే రక్తకణంలో నీలం ఉంగరం, దాని మీద ఎర్ర చుక్క కనిపిస్తాయి. ఆ ఎరుపూ నీలమూ పరాన్నజీవి సొంత రంగులు కావు, అయినా ఆ స్లైడు చూసే మందు ఇస్తారు, జ్వరం తగ్గుతుంది. రంగు మనం వేశాం కాబట్టి కనిపించింది అబద్ధం అంటే నా ఉద్యోగమే అబద్ధం అయిపోతుంది.

పర్లాకిమిడి మాస్టారు:
స్లైడుకి ఒక పద్ధతి ఉంది, ఏ ఊళ్లో వేసినా అదే ఎరుపు, అదే నీలం. ఇక్కడ అలా లేదు. ఈగిల్ నెబ్యులాలో స్తంభాల్లా నిలబడ్డ వాయువు, ధూళి చూడండి. 1995లో హబుల్ టెలిస్కోప్ తీస్తే ఆకుపచ్చ నేపథ్యం, అవే స్తంభాలు 2022లో వెబ్ తీస్తే ఇటుక రంగు. పైగా హైడ్రోజన్ వెలుగు కంటికి ఎరుపు, దాన్ని హబుల్ బొమ్మలో ఆకుపచ్చ చేశారు! కంటికి కనిపించే ఎరుపుని కూడా మార్చేశాక ఇక దేన్ని నమ్మాలి?

బరంపురం, ఎమ్మెస్సీ ఫిజిక్స్:
నమస్తే మాస్టారూ. హైడ్రోజన్‌ని ఆకుపచ్చ చెయ్యడానికి గట్టి కారణమే ఉంది. హైడ్రోజన్ వెలుగు 656 నానోమీటర్లు (మైక్రాన్‌లో వెయ్యో వంతు ఒక నానోమీటరు), సల్ఫర్ వెలుగు 672. రెండూ కంటికి ఎరుపే. ఉన్నది ఉన్నట్టు వేస్తే రెండూ కలిసిపోయి ఒకటే ఎర్ర ముద్ద అవుతుంది, ఎక్కడ ఏ వాయువు ఉందో తెలియదు. అందుకని ఆక్సిజన్‌తో కలిపి మూడింటినీ తరంగదైర్ఘ్యం వరసలో పెట్టారు: అన్నిటికంటే పొడవైన సల్ఫర్‌కి ఎరుపు, నడుమ హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, పొట్టిదైన ఆక్సిజన్‌కి నీలం. వెబ్‌కీ దాదాపు అదే వరస. కెరీనా బొమ్మని ఆరు ఫిల్టర్లతో తీశారు, 0.9 మైక్రాన్లది నీలం, 4.4 మైక్రాన్లది ఎరుపు. నడుమ ఒక ఫిల్టరు హైడ్రోజన్‌ని పడుతుంది, ఇంకొకటి కట్టెల పొగలో ఉండే రకం కార్బన్ అణువుల్ని పడుతుంది. రంగు ఎంచుకున్నది మనిషే, నిజమే, కానీ ఏ చుక్క దగ్గర ఎంత వెలుగు వచ్చిందన్నది డిటెక్టర్ కొలిచింది. లేని వాయువుని ఎవరూ గియ్యలేదు.

ఇంకో సంగతి. స్తంభాల్ని 2022లోనే వెబ్ రెండు కెమెరాలతో తీసింది. ఇన్‌ఫ్రారెడ్ అంటే ఎరుపు కంటే పొడవైన, కంటికి కనిపించని వెలుగు. అందులో ఎరుపుకి దగ్గరగా ఉండే దగ్గరి ఇన్‌ఫ్రారెడ్ బొమ్మలో వేల నక్షత్రాలు కిక్కిరిసి ఉంటాయి, ఆ వెలుగు ధూళిని దాటుకుని వస్తుంది కాబట్టి. ఇంకా పొడవైన మధ్య ఇన్‌ఫ్రారెడ్ బొమ్మలో ఆ నక్షత్రాలు చాలా వరకు మాయమై ధూళే వెలుగుతుంది. ఆ తేడా రంగులు వేసిన వాళ్లు తెచ్చింది కాదు, వెలుగు తెచ్చింది. స్తంభాల అంచుల్లో ఎర్రగా మరిగినట్టు కనిపించే చోట్ల ఇంకా పూర్తిగా తయారుకాని నక్షత్రాలు వాయువుని జెట్లుగా చిమ్ముతున్నాయి. కంటికి కనిపించే వెలుగుతోనే తియ్యాలని పట్టుబడితే ఈ పుట్టుక చాలా మటుకు ధూళి వెనకే ఉండిపోయేది. పిల్లలకు చూపించాల్సిందే అది కదా మాస్టారూ!

జయపురం నుంచి:
నాదొక ప్రశ్న. నిజంగా రాకెట్‌లో ఆ నెబ్యులా దగ్గరికి వెళ్తే ఏం కనిపిస్తుంది? ఈ రంగులు కాకపోయినా, బాగా కాంతివంతంగా అయినా ఉంటుందా?

బరంపురం, ఎమ్మెస్సీ ఫిజిక్స్:
ఉండదండీ. దగ్గరికి వెళ్లేకొద్దీ మన కంటికి చేరే వెలుగు పెరుగుతుంది, కానీ నెబ్యులా ఆకాశంలో పరుచుకునే మేర కూడా అంతే పెరుగుతుంది. మొత్తం మీద ఇక్కడి నుంచి ఎంత పలచగా ఉందో అక్కడా అంతే పలచగా ఉంటుంది. అంత మసక వెలుగులో మన కన్ను రంగుల్ని సరిగా పట్టలేదు.

గుణుపురం, ఇద్దరు పిల్లల తల్లి:
నేను సైన్స్ చదవలేదు. కానీ ఆ బొమ్మ చూశాక మా పెద్దది ఆపకుండా ప్రశ్నలు వేసింది, నక్షత్రాలు కూడా పుడతాయా, మరి చనిపోతాయా అని. నలుపు తెలుపులో ఉంటే ఆగి చూసేది కూడా కాదేమో. మాస్టారూ, ఫ్లెక్సీ మాత్రం ఆపకండి.

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మా, బొమ్మ అందంగా ఉందని ఒక తప్పు మాట రాస్తే, ఆ పిల్లే రేపు పెద్దయ్యాక ఇది కంటికి కనిపించదని తెలుసుకుని మిగతా సైన్స్‌ని కూడా అనుమానిస్తుంది. ఇప్పుడే ఫోన్లలో "నాసా అన్నీ గ్రాఫిక్స్" అంటూ ఎన్ని వీడియోలు తిరుగుతున్నాయో చూస్తున్నాం. వాటికి ఊతం ఇచ్చేది ఇలాంటి రాతలే. ఆ గోధుమ అంచుని కొండల్లా కనిపించేలా నిలబెట్టడం కూడా ఒక ఎంపికే. అంతరిక్షంలో కిందా పైనా ఎక్కడివి?

బరంపురం, ఎమ్మెస్సీ ఫిజిక్స్:
కిందా పైనా లేవు, కానీ ఒక దిక్కు ఉంది మాస్టారూ. ఆ అంచుకి పై వైపు, బొమ్మలో పడని చోట, బాగా వేడిగా ఉన్న పెద్ద నక్షత్రాలున్నాయి. వాటి అల్ట్రావయొలెట్ వెలుగు, అవి చిమ్మే కణాల గాలులు ఆ వాయువు గోడని తినేస్తున్నాయి. శిఖరాల్లా కనిపించేవి అలా అరగకుండా మిగిలిన దట్టమైన ముద్దలు, వాటిలో ఎత్తైనవి ఏడు కాంతి సంవత్సరాల దాకా ఉంటాయి. కాబట్టి ఆ "వెళ్తే కనిపించేది ఇదే" అన్న వాక్యం తీసేసి, ఏ రంగు ఏ వెలుగుకి గుర్తో ఒక పట్టీ, 7,600 కాంతి సంవత్సరాల దూరం, ఈ గోడని తింటున్నది ఏమిటో రెండు ముక్కలు రాయండి. కావాలంటే ఒడియాలో నేను రాసిస్తాను.

పర్లాకిమిడి మాస్టారు:
పట్టీ ఉండాలి, అది బొమ్మ పక్కనే పెద్ద అక్షరాల్లో ఉండాలి, మూలన కాదు. ఒకే ఫిల్టరుతో తీసిన నలుపు తెలుపు బొమ్మ కూడా పక్కన పెట్టాలని నేను అడుగుతాను. ఆ డేటా ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు కదా. అవి రెండూ లేకపోతే నేను ఒప్పుకోను. ఇంకొకటి: ఆ రోజు సాయంత్రం ఏడింటికి ఓరియన్ అనే నక్షత్ర మండలం దాదాపు నెత్తిమీదికి వస్తుంది. నడుమున వరసగా ఉన్న మూడు చుక్కలకి కాస్త దిగువన ఉన్నది కూడా నక్షత్రాలు పుట్టే నెబ్యులాయే, సుమారు 1,340 కాంతి సంవత్సరాలు. బైనాక్యులర్‌లో బూడిద రంగు మసకలా కనిపిస్తుంది. ముందు అది చూపించి, తర్వాతే ఫ్లెక్సీ.

రాయగడ ల్యాబ్ టెక్నీషియన్:
వరస తిరగెయ్యండి మాస్టారు గారూ. ముందు ఫ్లెక్సీ చూస్తేనే, ఆ బూడిద మసకలో ఏముందో పిల్లలకి తెలుస్తుంది. నేను బైనాక్యులర్ తెస్తాను, చీకటి పడే వేళకి బడిలో వీధిలైటు పడని చోటు ఒకటి చూసి ఉంచండి.