కాలింగ్ బెల్ స్విచ్చుతో ఈ-సిగరెట్: మావోడిది తెలివా, తెగింపా?

కోవూరు కుర్రోడు:
మా చిన్నాన్న కొడుకు ఐటీఐ ఎలక్ట్రీషియన్. కువైట్ నుంచి వచ్చిన స్నేహితుడు వాడికో ఈ-సిగరెట్ ఇచ్చాడు. ఆర్నెల్లకే దాని బ్యాటరీ పోయింది. వీడు పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి రెండు సెల్స్ తీసి, ప్యారలల్‌గా (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలిపి, పీవీసీ పైపు ముక్కలో పెట్టి, పైన కాలింగ్ బెల్ స్విచ్చు బిగించాడు. నొక్కితే పొగ మబ్బులాగా వస్తోంది. వీధిలో కుర్రాళ్లందరూ నాకొకటి చేసిపెట్టన్నా అంటున్నారు. నేను తీసెయ్‌రా అంటే, "రెండొందల్లో అయిపోయింది, నీకేంది టెన్షన్" అంటాడు. నాది ఉత్త భయమేనా?

ట్రంకురోడ్డు తమ్ముడు:
ఉత్త భయమే అన్నా. అసలు ఆ వస్తువు పెరిగిందే అట్టా. 2003లో చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు దాన్ని తయారుచేశాడు. మొదట్లో వచ్చినవాటిల్లో బ్యాటరీ మరీ చిన్నది, ఊరికే అయిపోయేది. వాడేవాళ్లే విసుగెత్తి టార్చిలైటు గొట్టాల్లో పెద్ద సెల్ పెట్టి సొంతంగా చేసుకున్నారు. పెద్ద మోడళ్లు తర్వాత కంపెనీలు దించాయి. మన దగ్గర ఎవరన్నా చేస్తే మాత్రం తెగింపా?

రిపేర్ బల్ల:
కోవూరు తమ్ముడూ, కాయిల్, అదే లోపల వేడెక్కి పొగ పుట్టించే తీగ చుట్ట, ఎన్ని ఓమ్స్?

కోవూరు కుర్రోడు:
దానిమీద 0.3 అని ఉందన్నా.

రిపేర్ బల్ల:
అయితే వినండి. ల్యాప్‌టాప్‌లు, ఇన్వర్టర్లు విప్పడం నా పని, సిగరెట్ సంగతి నాకొద్దు. ఫుల్ చార్జిలో సెల్ 4.2 వోల్టులు. దాన్ని 0.3తో భాగించండి, 14 ఆంప్స్. మీ ఇంట్లో ఫ్యాను అర ఆంపు కూడా లాగదు. ఆ కాలింగ్ బెల్ స్విచ్చు వెనక చూడండి, 6 ఆంప్స్ అని ఉంటుంది. లోపల రేకు ముక్కలు రెండు తగులుకుంటాయి, అంతే. ఓపలేని కరెంటు పోతే అవి వేడెక్కి ఒకదానికొకటి అతుక్కుంటాయి. వేలు తీసేసినా స్విచ్చు ఆన్‌లోనే ఉంటుంది. కంపెనీ వస్తువైతే చాలావాటిల్లో పది సెకన్లు దాటితే దానంతటదే ఆగుతుంది. పీవీసీ పైపులో ఆపేదెవరు?

ఇక సెల్స్. ల్యాప్‌టాప్ సెల్ అంటే నిదానంగా రెండు మూడు గంటలు కరెంటు ఇవ్వడానికి చేసింది. సాధారణంగా ఒక్కోదాని నుంచి నాలుగైదు ఆంప్స్‌కి మించి లాగకూడదు. ఇక్కడ ఒక్కోదాని నెత్తిన ఏడు. అది కూడా రెండూ ఒకే ఆరోగ్యంతో ఉంటేనే! పాత ప్యాకులో ఒకటి గట్టిది, ఒకటి నీరసంది ఉంటాయి, బరువంతా గట్టిదాని మీదే పడుతుంది. ప్యాకు విప్పినప్పుడు కాపలా ఉండే సర్క్యూట్ బోర్డు కూడా పీకేసి ఉంటాడు, అడుగు.

ఇంకోటి. ల్యాప్‌టాప్‌లో ఉండే ఈ గుండ్రటి సెల్‌ని 18650 అంటారు, దాని పైన బొడిపె ఒక్కటే ప్లస్. మిగతా డబ్బా మొత్తం మైనస్సే. మధ్యలో ఉండేది పల్చటి ప్లాస్టిక్ తొడుగు. స్క్రూడ్రైవర్‌తో పెకిలించేటప్పుడు అది చిరిగిందా, షార్ట్ అవ్వడానికి జేబులో తాళంచెవి చాలు.

లా పాయింటు:
స్విచ్చు సంగతి సరే. మన దేశంలో ఈ-సిగరెట్ల మీద 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్సు, డిసెంబర్‌లో చట్టం వచ్చాయి. తయారీ, అమ్మకం, దిగుమతి అన్నీ నిషేధం. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పీల్చినవాడికి శిక్ష రాయలేదు కానీ, తయారీ అంటే విడిభాగాలు కలిపి బిగించడం కూడా అని అందులోనే ఉంది. వీధిలో కుర్రాళ్లకి చేసిపెడితే మీవోడు ఎలక్ట్రీషియన్ కాదు, తయారీదారుడు.

టంగుటూరు అబ్బాయి:
నవ్వొస్తాంది సామీ. మా ఊళ్లో పొగాకు వేలం కేంద్రం ఉంది. మా నాయన బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) కాల్చి, బేళ్లు కట్టి, పొగాకు బోర్డుకే తీసుకెళ్లి అమ్ముతాడు. అది సర్కారు సొమ్ము, ఇది నేరమా?

లా పాయింటు:
ఆ మాట పార్లమెంటులో అడగాల్సింది, స్టేషన్‌లో ఎస్సైని కాదు.

ట్రంకురోడ్డు తమ్ముడు:
చట్టం పక్కన పెట్టండి. రిపేర్ అన్నా, స్విచ్చే సమస్య అయితే మాస్‌ఫెట్, అంటే ఎలక్ట్రానిక్ స్విచ్చు, పెడితే పోతుందిగా? కరెంటంతా దాన్లోంచి పోతుంది, బటన్ మీద భారం ఉండదు.

రిపేర్ బల్ల:
మంచి మాటే అడిగావు. బటన్ బతుకుతుంది, నిజమే. కానీ మనవాళ్లు షాపుకెళ్లి జెడ్44 అనే మాస్‌ఫెట్ ఇమ్మంటారు, వాళ్లు అందులో ఐఆర్‌ఎఫ్ రకం ఇస్తారు. అది పూర్తిగా తెరుచుకోవాలంటే గేటుకి, అంటే దాన్ని ఆన్ చేసే కాలికి, పది వోల్టులు కావాలి, నీ దగ్గర ఉన్నవి నాలుగు. సగం తెరుచుకుని అదే హీటరు అవుతుంది. తక్కువ వోల్టులకే తెరుచుకునే ఐఆర్‌ఎల్ రకం తెచ్చావే అనుకో, మాస్‌ఫెట్ కాలిపోతే ఎక్కువసార్లు షార్ట్ అయిపోతుంది. అంటే మళ్లీ ఆన్‌లోనే! పెట్టకూడదని కాదు, అదొక్కటి పెట్టి అయిపోయిందనుకోకూడదు.

అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ వాళ్లు 2009 నుంచి 2016 దాకా వార్తల్లో వచ్చినవి పోగుచేస్తే ఈ-సిగరెట్ల వల్ల 195 మంటలు, పేలుళ్లు తేలాయి, 133 మందికి గాయాలు. అందులో 61 జేబులో ఉండగా జరిగినవే. తర్వాత 2018లో ఫ్లోరిడాలో ఒకరు, 2019లో టెక్సస్‌లో ఒకరు ఏకంగా చనిపోయారు. ఇంట్లో చేసినవే పేలాయని నేననను, కొన్నవీ పేలాయి. ఎటొచ్చీ మూతి దగ్గర పెట్టుకునే వస్తువు.

ట్రంకురోడ్డు తమ్ముడు:
ఈ లెక్కన సెల్‌ఫోన్ కూడా చెవి దగ్గరే పెట్టుకుంటాం. నేనైతే మంచి సెల్స్ కొని చేసుకోవచ్చనే అంటా.

కోవూరు కుర్రోడు:
ఇప్పుడే వాడింటికెళ్లొచ్చా. మీరు చెప్పిన 14 ఆంప్స్ లెక్క కాయితం మీద వేసి చూపించా. ఐటీఐ చదివినోడికి ఓమ్స్ లా నేను చెప్పాల్సొచ్చింది, అదీ వాడి కోపం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత స్విచ్చు విప్పి చూస్తే రేకు ఒకవైపు నల్లగా మాడి ఉంది. పెట్టి పట్టుమని పదిరోజులు కాలేదు. బోర్డు కూడా పీకేశాడన్నా, నువ్వన్నట్టే. పైపు విప్పేశాడు గానీ సెల్స్ పారెయ్యనంటున్నాడు. అల్లూరు దగ్గర రొయ్యల గుంట కాడ రాత్రిళ్లు తిరగడానికి వాటితో ఎల్‌ఈడీ లైటు చేస్తాడంట. దానికన్నా ఒప్పుకుంటారా? ఫ్యూజు ఎంతది వెయ్యాలి?

రిపేర్ బల్ల:
చేసుకోనీ, అది అసలైన పని. బోర్డు మాత్రం మళ్లీ పెట్టమను. ఫ్యూజు సంగతి తర్వాత, ముందు లైటు ఎన్ని వాట్లో చెప్పు.