ఫౌండేషన్ల డబ్బు దానంగా రావాలా, ఫలితాన్ని బట్టి రావాలా?

వర్తూరు_వాసి:
బెంగళూరులో బిల్డింగ్ పనికొచ్చిన వాళ్ల పిల్లలకు సాయంత్రం బడి నడిపే చిన్న సంస్థలో లెక్కలు చూస్తాను. పిల్లల్లో చాలామంది మన అనంతపురం, కర్నూలు వైపు వాళ్లే. ఇన్నేళ్లూ గ్రాంట్ ఇచ్చిన ఫౌండేషన్ ఇప్పుడు కొత్త మాట చెబుతోంది: ఏడాది చివరి పరీక్షలో ఎంతమంది చదవగలిగితే అంతే డబ్బు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. సంక్రాంతికి ఊరెళ్లిన కుటుంబం తిరిగొచ్చి ఏ సైట్‌లో దిగుతుందో మేస్త్రీకే తెలియదు. ఆ పిల్ల అప్పటిదాకా నేర్చుకున్న చదువు ఏ లెక్కలోకి వస్తుంది?

కోరమంగళ_ఆడిటర్:
మీ బాధ నిజమేనండీ. అయినా పద్ధతిని తప్పుపట్టను. రాజస్థాన్ భీల్వాడాలో ఎడ్యుకేట్ గర్ల్స్ అనే స్వచ్ఛంద సంస్థ 2015 నుంచి 2018 వరకు ఇలాగే పనిచేసింది. రెండో ఏడాది చివరికి చదువులో లక్ష్యం సగం దగ్గరే ఆగింది. బోధన తీరు మార్చుకున్నారు, చివరికి 160 శాతం సాధించారు. బడిలో చేర్పించడంలో 116 శాతం. గ్రాంటైతే ఆ పట్టుదల వచ్చేదా?

వర్తూరు_వాసి:
అక్కడ ముందుగా డబ్బు పెట్టింది ఎవరు సార్? యూబీఎస్ ఆప్టిమస్ ఫౌండేషన్. ఫలితం చూసి దానికి అసలు, లాభం కట్టింది చిల్డ్రన్స్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ ఫౌండేషన్. పని తప్పితే నష్టం మొదటి ఫౌండేషన్‌ది. మమ్మల్నేమో ముందు మీరే ఖర్చు పెట్టండి అంటున్నారు. మా దగ్గర రెండు నెలల జీతాలకు మించి లేవు. ఇలాగైతే రేపు ఊళ్లు తిరిగే పిల్లల్ని వదిలేసి, కదలకుండా ఉండే వాళ్లనే చేర్చుకోవాలనిపిస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకే నాకు భయమేస్తోంది.

గుంతకల్లు_అమ్మాయి:
అన్నా, నా భయం వేరు. పేదలకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్‌లోనూ చాలా సంస్థలకు మొదట దాతల డబ్బే అండ. తర్వాత లాభం కోరే డబ్బు వచ్చింది. 2010 నాటికి వసూళ్ల ఒత్తిడి ఎంతదాకా పోయిందంటే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. మా అమ్మ గ్రూపులో ఒకామె వాయిదా కట్టలేకపోతే, మిగతావాళ్లను చీకటి పడేదాకా అక్కడే కూర్చోబెట్టారు. దాతలు తిరిగి రాబడి అడగడం మొదలుపెడితే నాకు అదే గుర్తొస్తుంది.

కోరమంగళ_ఆడిటర్:
అప్పు వేరమ్మా, ఇది వేరు. రాబడి అడగని దారులూ ఉన్నాయి. మన బెంగళూరు ఉన్నతి ఫౌండేషన్ 2023లో సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (సేవా సంస్థలు నిధులు సేకరించుకునే స్టాక్ ఎక్స్ఛేంజ్ విభాగం) ద్వారా 1.8 కోట్లు సేకరించింది. పేరుకే బాండు, అసలూ తిరిగి రాదు, వడ్డీ రాదు. ఖర్చు వివరం మాత్రం చెప్పాలి. కానీ వర్తూరు గారి విషయంలో ఒప్పుకుంటున్నాను. చేతిలో నిల్వ లేని సంస్థ మీద నష్టం తోయడం అన్యాయం. ఆ భారం మోయగలిగింది ఫౌండేషనే.

వర్తూరు_వాసి:
అదే రాస్తున్నాను వాళ్లకు. ఏడాది ఖర్చు ముందే ఇవ్వండి, ఫలితాన్ని బట్టి అదనంగా ఇవ్వండి. పిల్ల మధ్యలో వెళ్లిపోతే ఉన్నన్నాళ్లలో ఎంత నేర్చుకుందో కొలవండి. ఆడిటర్ గారూ, సోమవారం లోపు పంపాలి, డ్రాఫ్ట్ ఒకసారి చూసిపెడతారా?